పాల బండి, పాడె బండి

మదనపల్లె,
20 అక్టోబరు 1983, గురువారం.

కుప్పంలో ఉండే మా మేనమామ లక్ష్మీపతి గారి పాదాలకూ, ఆయన ఇంట్లోనే ఉంటున్న మా అమ్మ మునిరత్నమ్మ పాదాలకూ వెంకటేశులు దండం పెట్టి రాసేది. మీరిద్దరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నేనూ బాగున్నానని రాయాలి. కానీ మంగళవారం నుంచి అన్నం ముందు కూర్చుంటే కడుపు తిప్పుతోంది. ఎందుకో ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది.

మామా, నువ్వు చెప్పిన మాట నేను మరిచిపోలేదు. కుప్పం రైల్వే స్టేషను ముందర బాడుగ కారు పెడతానన్నావు. అమ్మకానికి ఉన్న రెండు పాత బండ్లు చూసి ఏది మంచిదో రాయమన్నావు. నేను బాగుందన్న బండే కొంటాననీ, నువ్వు తోలతావు గానీ దాన్ని బాగుచేసేదీ తుడిచేదీ నేనేననీ, బండితో పాటే నన్నూ కుప్పం తెచ్చుకుంటాననీ అన్నావు. అమ్మ దగ్గర ఉండి ఆరేళ్ళయింది. నీ కాఫీ హోటల్లో ఆమె పిండి రుబ్బుతుంది, ఇక్కడ మల్లప్ప మేస్త్రీ షెడ్డులో నేను నట్లు విప్పుతాను. అందుకే బండి ఎలా ఉన్నా బాగుందనే రాసేద్దామని పోయాను. రాయలేకపోతున్నాను.

ముందు పుంగనూరు బండి సంగతి.

అది యశోదమ్మ గారిది. పెద్ద ఇల్లు, దాని పక్కన కారుకని కట్టిన కొట్టం. నేను వాకిట్లో నిలబడి ఎవరినీ పిలవలేక పావుగంట చెప్పుల వైపు చూసుకుంటూ ఉన్నాను. ఆమే చూసి బయటికొచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. బండి చూసేదానికి వచ్చానంటే ముందు నా కాళ్ళ వైపు చూసి, "చెప్పులిడిసి రా అప్పా. అది మా ఇంటాయన బండి. సొతంత్రం వొచ్చిన యేడు మెడ్రాసు నుంచి తెప్పించె. ఆయన పొయ్యి పదకొండేండ్లాయ. ఆపొద్దు నుంచి గడప దాటలే," అంది.

చెప్పులు విడిచి లోపలికి పోయాను మామా. నల్లగా, పొడుగ్గా, పెళ్ళిపందిరంత ఉంది. విలాయతి బండి. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. తలుపుల కింద అడుగు పెట్టి ఎక్కేదానికి వెడల్పాటి పలక. ముందరి తలుపులు మన బండ్ల మాదిరి కాకుండా వెనక్కు తెరుచుకుంటాయి. లోపల మీటర్ల పలకంతా మంచి కర్ర, అద్దంలా నునుపు. పక్కకు తిరగాలంటే లైటు వెలగదు, తలుపు పక్కనుంచి చిన్న చెయ్యి ఒకటి బయటికి లేస్తుంది. రేకు మీద వేలితో తట్టితే గుడిగంటలా మోగింది. ఆ కాలంలో ఎవరికీ తొందర లేనట్టుంది, ఒక్కొక్క మరనూ కూర్చుని చేశారు. ఈ బండిలో అమ్మను ఎక్కించుకుని కుప్పం బజారంతా తిప్పాలని అప్పుడే అనుకున్నాను.

తర్వాత బానెట్టు ఎత్తాను.

చేతికి జిగురు తగిలింది. బానెట్టు లోపల రెండు వైపులా చీమలు బారులు కట్టి పోతున్నాయి. ఒక మూల ఎలుకలు గూడు పెట్టి, సీట్లోంచి లాగిన దూదితో పిల్లల్ని పెట్టాయి. అదంతా మామూలే, షెడ్డులో రోజూ చూస్తాను. కానీ పులిసిన వాసన ఒకటి వస్తోంది. ఎక్కడి నుంచా అని వెతుకుతుంటే యశోదమ్మ గారు నా వెనకే నిలబడి సంతోషంగా చెప్పింది. "ఇంజనుకు నోరు యాడుండాదో ఆయన సూపిచ్చినాడు. యేడేడూ ఆయుధపూజ నాడు ఆ నోట్లోనే పోస్తాము. మా ఆవు పాలే, పుంగనూరు ఆవు పాలు. పెరుగు, తేనె, అరటిపండు పిసికి. కడుపు నిండా తాగుతుందప్పా, సుక్క కింద పడదు."

నోరంటే రేడియేటరు మామా. నీళ్ళు పోసే చోట పదకొండు ఆయుధపూజలుగా పంచామృతం పోస్తున్నారు. మొన్న శనివారం కూడా పోశారు. మూత తిప్పకుండా వచ్చేసి ఉంటే బాగుండేది. తిప్పాను. అది బుస్సుమని పొంగి నా చొక్కా మీదా, పెదవి మీదా పడింది. పచ్చగా, గడ్డలు గడ్డలుగా, బొద్దింకల రెక్కలతో. చచ్చిన కుక్క పక్కన పెరుగు విరిగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నేను రెండడుగులు వెనక్కు గెంతితే ఆమెకు కోపం వచ్చింది. "అట్ల మొగం పెడతావేల? తీర్థమది," అంది.

అంతటితో పోలేదు. ఎండన పడి వచ్చానని మజ్జిగ తెచ్చింది. తెచ్చింది దేంట్లోననుకున్నావు? కొమ్ముచెంబులో. ఆ చెంబు కొమ్ము రేడియేటరు నోటికి సరిగ్గా సరిపోయేంత ఉంది, కొమ్ము చివర ఇంజను మసి అంటుకునే ఉంది. నాకు వద్దని చెప్పే నోరుంటే కదా. "తాగప్పా, మొగమాటమేల?" అని ఆమె నిలబడి చూస్తుంటే కళ్ళు మూసుకుని తాగేశాను. బస్సు పుంగనూరు దాటకముందే కిటికీలోంచి కక్కుకున్నాను. కండక్టరు, "దిగినాక కక్కేది పోయి ఎక్కినాక కక్కుతావేందప్పా," అని అందరి ముందరా తిట్టాడు.

బండి అమ్ముతుందట గానీ షరతులున్నాయి. చెప్పులతో ఎక్కకూడదు. కోడిని ఎక్కించకూడదు. మైల ఉన్న మనిషి ఎక్కకూడదు. యేటికొకసారి పాలు తాపాలి. స్టేషను ముందర రైలు దిగినవాళ్ళను నిలబెట్టి మీకు మైల ఉందా అని ఎవరు అడుగుతారు? అడిగినా బండి కదలాలి కదా. లోపలి గొట్టాలన్నీ గడ్డకట్టిపోయాయి. ఇంజను లోపలికి ఎంత దూరం పోయిందో విప్పితే గానీ తెలియదు, విప్పేవాడు నేనైతే కాదు.

రెండో బండి మదనపల్లెలోనే ఉంది. చూసి రాస్తాను. అది బాగుండాలని మొక్కుకుంటున్నాను.

పాలంటే రోత పుట్టిన నీ మేనల్లుడు,
వెంకటేశులు.


మదనపల్లె,
26 అక్టోబరు 1983, బుధవారం.

మామకు నమస్కారం. అమ్మకు కూడా. కానీ ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించొద్దు. నువ్వు ఒక్కడివే చదువు.

రెండో బండి చూశాను. అరవై ఆరో సంవత్సరం అంబాసిడరు, తెలుపు. దాని సొంతదారు చెంగయ్య అని ముసలాయన, ఆయనే తోలతాడు. కంట్లో పొర వచ్చిందని, ఎండ ఎదురు కొడితే రోడ్డు కనబడటం లేదని అమ్మేస్తున్నాడు. టాక్సీ స్టాండులో అన్ని బండ్లూ ఒక వరసలో ఉంటే ఇది ఒక్కటీ దూరంగా, చింతచెట్టు నీడలో ఉంది. నీడ కోసమేమోనని అనుకున్నాను.

నల్ల బండి కన్నా ఇది ఇరవై ఏళ్ళు చిన్నది. పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బోడిగా ఉంటుంది. కర్ర లేదు, తోలు లేదు, చెయ్యెత్తి దారి చూపించేది లేదు. ముందర ఒకటే పొడుగు సీటు, రెక్సిను కుట్టు. గేరు పుల్ల స్టీరింగ్ పక్కన ఉంటుంది. కానీ మామా, ఇది పనిచేసే బండి. నల్ల బండిలో ఏ మర దేనికో తెలుసుకునేదానికే నాకు గంట పట్టింది. దీన్ని కళ్ళు మూసుకుని విప్పి మళ్ళీ బిగించగలను. పుంగనూరు రోడ్డు మీద నాలుగు మైళ్ళు తోలి చూపించాడు. గతుకుల్లో కూడా గిన్నెలో నీళ్ళు తొణకనట్టు పోయింది. అంత నెమ్మదిగా గేరు మార్చేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. వెనక పసిబిడ్డ నిద్రపోతున్నట్టు తోలతాడు. మాట మాత్రం లేదు. మూడు మాటలు అడిగితే ఒకటి చెప్తాడు. నేను కింద దూరి నూనె సంపు, ఆక్సిలు, కమానులు అన్నీ చూశాను. ఎక్కడా చుక్క నూనె కారడం లేదు. లోపల దుమ్ము లేదు. ఫినాయిలు, ఊదుబత్తి వాసన. ఇంత శుభ్రంగా ఉంచిన బాడుగ బండి ఉంటుందా అని ఆశ్చర్యపోయాను.

చెమటకు కళ్ళు మండుతుంటే వెనక సీటు కింద మడిచి పెట్టిన తెల్ల గుడ్డలు కనిపించాయి. పొడుగ్గా చింపి, ఉతికి, చక్కగా చుట్టి పెట్టినవి. ఒకటి తీసుకుని మొహం, మెడ తుడుచుకున్నాను. నూనె పడకుండా తలకు కట్టుకుని మళ్ళీ బండి కింద దూరాను. బయటికి వచ్చాక చెంగయ్య నా తల వైపు చూసి, ఏమీ అనకుండా గుడ్డ విప్పి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. చెప్పకుండా తీసుకున్నందుకు కోపమేమో అనుకున్నాను. తర్వాత బండెక్కి వెళ్ళిపోయాడు. వస్తానని కూడా అనలేదు. ఇదేం మర్యాదరా అనుకున్నాను.

టీ తాగుదామని స్టాండు పక్కనున్న అంగడికి పోయాను. బెంచీ మీద కూర్చోబోతుంటే టీ కాచే ఆయన, "ఆ బండి కింద పండుకోనొస్తివి గదా. బెంచీ ముట్టుకోవాకు. నిలబడి తాగిపో," అన్నాడు. పగిలిన గ్లాసొకటి చూరులోంచి తీసి అందులో పోశాడు. అక్కడ కూర్చున్న డ్రైవర్లంతా నవ్వారు. ఎందుకని అడిగేదానికి నాకు నోరు రాలేదు. టీ తాగకుండానే షెడ్డుకు వచ్చి మల్లప్ప మేస్త్రీని అడిగాను.

మేస్త్రీ పానా కింద పడేసి నవ్వాడు. "ఒరే వెంకటేసూ, అది పాడె బండిరా. వేలూరు ఆస్పత్రిలో ఈ పక్కోళ్ళు ఎవురు సచ్చినా పీనుగును ఇంటికి తెచ్చేది అదొకటే. ఇంగ యే టాక్సీ పోదు. పీనుగెక్కిన బండికి పెండ్లి బాడుగ ఎవురిస్తారు? నువ్వు తలకు సుట్టుకున్నెది ఏం గుడ్డో తెల్సునా? పీనుగు నోరు తెరుసుకోకుండా దౌడకు కట్టే గుడ్డ," అన్నాడు. చావింటి నుంచి వచ్చేటప్పుడు వస్తానని చెప్పకూడదు కదా, అది అలవాటైపోయి చెంగయ్య ఇప్పుడు ఎవరికీ ఆ మాట చెప్పడట.

మామా, నేను షెడ్డు వెనక్కు పోయి కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాను. మొహం కూడా కడుక్కున్నాను, కళ్ళు వాచిపోయాయి. మూడుసార్లు స్నానం చేశాను. అయినా ఆ గుడ్డ ఇంకా నుదుటికి చుట్టుకునే ఉన్నట్టుంది. ఏ ఊరివాడి గడ్డం కింద ఉండిందో అది. ఆ సీటు మీద ఎంతమంది పడుకున్నారో. ఆ ఊదుబత్తులు ఎందుకో, ఆ ఫినాయిలు ఎందుకో ఇప్పుడు తెలిసింది. తలుచుకుంటే పుంగనూరు మజ్జిగే నయమనిపిస్తోంది. ముసలాయన మీద కూడా అసహ్యం పుట్టింది. అమ్మేవాడు చెప్పొద్దా? నా తల మీది గుడ్డ విప్పేటప్పుడైనా ఒక మాట అనొద్దా?

బండి మాత్రం బంగారం. అది అబద్ధం చెప్పలేను. కానీ ఆ సీటు మీద పెళ్ళికూతురిని ఎట్లా కూర్చోబెడతావు? అమ్మను ఎట్లా కూర్చోబెడతాను? నల్ల బండి లోపల కుళ్ళింది, దీన్ని చూస్తే నాకు ఒళ్ళు కుళ్ళినట్టుంది. రెండూ వద్దు. ఇంకో బండి దొరికేదాకా ఇక్కడే ఉంటానని అమ్మకు చెప్పు. కారణం చెప్పొద్దు.

ఇంకా సబ్బు వాసనే తప్ప ఇంకేమీ తెలియని,
వెంకటేశులు.


మదనపల్లె,
2 నవంబరు 1983, బుధవారం.

లక్ష్మీపతి మామ గారికి వెంకటేశులు నమస్కరించి రాసేది. నేను క్షేమం. నువ్వూ అమ్మా క్షేమమని తలుస్తాను.

నీ జాబు సోమవారం అందింది. నువ్వు రాసినట్టే తెల్ల బండిని ఇంకోసారి చూశాను. గేరుపెట్టె పోయింది. మూడో గేరు నిలవడం లేదు. పెట్టె మొత్తం దించాలి, దించినా బాగవుతుందని నమ్మకం లేదు. అందువల్ల కొనవద్దు.

షెడ్డులో పని ఎక్కువగా ఉంది. ఎల్లుండి దీపావళికి రాలేను. అమ్మకు నా దండాలు చెప్పు.

ఇట్లు నీ మాట మన్నించే,
వెంకటేశులు.

తా.క. మామా, కవరు అంటించబోయి ఆగాను. పైన రాసింది అబద్ధం. గేరుపెట్టెకు ఏ జబ్బూ లేదు. మూడో గేరు వెన్నలో కత్తి దిగినట్టు పడుతుంది. అంత మంచి గేరుపెట్టె మీద అట్లా రాసినందుకు నా చెయ్యి నాకే నచ్చడం లేదు. అసలు జరిగింది షెడ్డు కాగితాల మీద రాసి ఇదే కవరులో పెడుతున్నాను.

నీ జాబులో ఏం రాశావో నీకు గుర్తుందో లేదో. "ఊరు మారితే ఎవునికీ తెలీదు. పచ్చ రంగు కొట్టిస్తాము. ఆ ముసలోడు యాడా నోరు మెదపకుండా ఒట్టు పెట్టిచ్చుకో. మునిరత్నకు మాత్రం చెప్పొద్దు, చెప్తే అది సచ్చినా ఎక్కదు," అన్నావు. నేను కూడా అమ్మకు చెప్పొద్దనే రాశాను కాబట్టి అప్పుడు నాకేమీ అనిపించలేదు. రంగు మారితే కుప్పం పోవచ్చు, అమ్మ దగ్గర ఉండవచ్చు అని ఆశ కూడా పుట్టింది. ముక్కు మూసుకుని నెల రోజులు తుడిస్తే అలవాటైపోతుందిలే అనుకున్నాను. అందుకే నిన్న పొద్దున చింతచెట్టు దగ్గరికి పోయాను.

చెంగయ్య తాత అద్దం తుడుస్తున్నాడు. ఒట్టు వేయమని అడగలేకపోయాను. ఆయనే, "కొంటాడా మీ మామ?" అన్నాడు. "కొంటాడు. రంగు మారుస్తాడంట," అన్నాను నేల వైపు చూస్తూ. ఆయన నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. "మార్సనీలే. అద్దో ఆ అంగడి కాడ టీ తాగుతాండారే, వాళ్ళల్లో యే ఇంటికి నా బండి పోలేదో అడిగి రాపో. ఆ టీ కాసేవోని తమ్ముణ్ణి కూడా నేనే తెస్తి. పచ్చ రంగు కొడితే వాళ్ళ కండ్లకు సల్లగా ఉంటుందేమో," అన్నాడు. తర్వాత, "యే ఊరప్పా మీది?" అన్నాడు.

నిమ్మనపల్లె అవతల అని చెప్పాను. ఎవరి కొడుకువి అన్నాడు. బావి పనికి పోయే గోపాలస్వామి కొడుకునని, రాళ్ళు పేల్చే మందు తూటా మీద పేలి వేలూరులో పోయాడని చెప్పాను.

తాత అద్దం తుడవడం ఆపేశాడు. దగ్గరికి వచ్చి, కన్ను సరిగా కనబడదు కదా, నా మొహంలో మొహం పెట్టి చూశాడు. "హారన్ పిలగాడివా నువ్వు?" అన్నాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "పదేండ్లాయ. మీ అమ్మ ఎనక సీట్లో మీ నాయన తల ఒళ్ళో పెట్టుకోని కూసునింది. నువ్వు ముందర నా పక్కన. నాయన నిద్రపోతాండాడని నీకు చెప్పింది. చిత్తూరు దాటినాక నువ్వు హారన్ మీద చెయ్యేస్తివి. వొద్దురా అంటి. మీ అమ్మేమో, కొట్టనీ అన్నా, ఇల్లు చేరినాక వాడు ఎట్లాగూ ఏడవాల్సిందే గదా, అనె. ఆడి నుంచి మీ ఊరి దాకా కొడతానే వొచ్చినావు. పెండ్లి బండి పోతాండాదని రోడ్డు పొడుగునా జనం బయటికొచ్చి సూసిరి. పదిహేడేండ్లలో ఇంగెవురూ ఈ బండిలో అంత సంతోసంగా కూసోలే."

మామా, నాకు ఒక కారు ప్రయాణం గుర్తుంది. నాకు ఐదేళ్ళప్పటిది. ముందు సీటు, నా చేతి కింద గుండ్రటి హారను, ఎవరూ వద్దనలేదు. అంత సంతోషం నాకు మళ్ళీ దొరకలేదు. ఎవరితోనూ చెప్పలేదు గానీ ఆ ప్రయాణం కోసమే నేను బడి మానేసి కార్ల షెడ్డులో చేరాను. అది ఎవరి పెళ్ళమ్మా అని అమ్మను ఎన్నోసార్లు అడిగాను. ఆమె పిండి రుబ్బుతూ తల ఎత్తకుండా, "యాదో పెండ్లిలే నాయనా," అనేది.

నేను చింతచెట్టు కింద కూర్చుండిపోయాను. తాత పక్కన కూర్చున్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు, కోపంగా కాదు, ఎండ గురించో వాన గురించో చెప్పినట్టు. "మీ ఇంటి కాడ ఒగాయన చెంబుతో నీళ్ళు తెచ్చె. వేలూరు నుంచి గొంతు తడపలేదు, దప్పికని దోసిలి పట్టితి. ఆయన నా దోసిలి దాటిచ్చి టైర్ల మీద పోసె. తప్పు కాదులే, అదే గదా వాడుక."

ఆ ఒకాయన నువ్వే మామా. నాకు గుర్తుంది. చక్రాల మీద నీళ్ళు పడుతుంటే చూసి నేను చప్పట్లు కొట్టాను. నువ్వు నా చెయ్యి పట్టి లోపలికి లాగావు.

నిన్నంతా నాకు కడుపులో తిప్పింది. ఇది మజ్జిగ తాగినప్పటి వికారం కాదు. పోయిన వారం నేను కిరసనాయిలుతో చేతులు ఎందుకు కడుక్కున్నానో తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్ముకోవాలనిపించింది. మా నాయన దౌడకు కూడా అట్లాంటి గుడ్డే కట్టి ఉంటారు. నాయన పడుకున్న సీటు మీద అమ్మను ఎట్లా కూర్చోబెట్టాలని నీకు రాశాను, ఆమె ఐదు గంటలు అదే సీటు మీద ఆయన తల దించకుండా కూర్చుని వచ్చింది. పుంగనూరులో పదకొండేళ్ళుగా ఎవరినీ ఎక్కించుకోని బండికి పాలు తాపుతారు, చెప్పులు విడిచి ముట్టుకోమంటారు. మన వాళ్ళందరినీ ఇంటికి చేర్చిన బండికి పగిలిన గ్లాసు. నల్ల బండిని తలుచుకుంటే ఇప్పుడు ఇంకా రోతగా ఉంది. నువ్వు వేయిస్తానన్న పచ్చ రంగును తలుచుకుంటే అంతకన్నా రోతగా ఉంది. ఎదురు చెప్పే ధైర్యం లేక తప్పంతా గేరుపెట్టె మీదికి నెట్టి తప్పించుకుందామని చూశాను.

నీ ఇంట్లో అమ్మ ఉంది, నీ అన్నం తింటోంది. నేను ఇట్లా రాయకూడదు. తిట్టాలనుకుంటే తిట్టు. కానీ ఈ కాగితాలు ఆమెకు చదివి వినిపించు. పోయినసారి వద్దన్నాను, ఈసారి చదవాలి. చెంబు దగ్గర ఆగిపోవద్దు.

చదివాక, ఆ బండి కుప్పం వస్తే ఎక్కుతావా అని అడుగు. ఎక్కుతానంటే దాన్ని నేనే తుడిచి, తెలుపు రంగుతోనే తెస్తాను. స్టేషను దగ్గర ఎవరు అడిగినా అది ఏం మోసిందో చెప్తాను. నాకు నోరు రాదని నీకు తెలుసు, అయినా చెప్తాను. బాడుగ రాకపోతే రాదు. ఎక్కనంటే ఆమె మీద నాకు కోపం లేదు, నేను ఇక్కడే ఉంటాను. రేపు తాత ఒకరిని ఇంటికి తెచ్చేదానికి వేలూరు పోవాలట, నిమ్మనపల్లె వాళ్ళు వచ్చి చెప్పిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు ఎండ ఎదురు కొడుతుంది కాబట్టి పక్కన కూర్చుని దారి చెప్పేదానికి తాత నన్ను రమ్మన్నాడు. పోతున్నాను.

అమ్మ ఏమందో రాయి. ఆమె అన్న మాటలే రాయి మామా, నీ మాటలు కలపొద్దు.